పడటం కూడా నేర్పాలి: ఫుట్‌బాల్ ఆటగాళ్లకు జూడో ఉకెమి సాధన

కార్నర్ కిక్‌ను తలతో కొట్టడానికి పైకి ఎగిరిన పదిహేనేళ్ల అబ్బాయి, గాలిలో ఉండగానే ప్రత్యర్థి నడుము తగిలి పక్కకు ఒరిగాడు. ఆ క్షణంలో అతను చేసింది ఎవరైనా చేసేదే. ఎడమ చేతిని చాచి, మోచేతిని కర్రలా బిగించి, అరచేతిని నేలకు ఆనించాడు. లేచిన తరువాత ఏడవలేదు. కుడి చేత్తో ఎడమ మోచేతిని కింది నుంచి పట్టుకుని, తలను ఎడమ భుజం వైపు వాల్చి, అలాగే నడుచుకుంటూ నా దగ్గరకు వచ్చాడు. ఆ తీరు ఒకసారి చూసినవారికి కాలర్ బోన్ విరిగిందని అర్థం కావడానికి ఎక్స్-రే అవసరం ఉండదు. సాయంత్రం తీసిన ఎక్స్-రేలో తేలిందీ అదే. ఆ అబ్బాయికి పరుగు, పాస్, హెడర్, టాకిల్ అన్నీ నేర్పాను. పడటం మాత్రం నేర్పలేదు.

ఫుట్‌బాల్‌లో పడకుండా ఆడటం సాధ్యం కాదు. జూడో నేర్చుకునేవారు మాత్రం ఎదుటివారిని పడవేయడం కంటే ముందు తాము పడటం నేర్చుకుంటారు. 1882లో టోక్యోలో జిగోరో కానో జూడోకు రూపం ఇచ్చారు. అందులో పడే విద్యను ‘ఉకెమి’ అంటారు. ఆ జపనీస్ మాటకు ‘స్వీకరించే శరీరం’ అని అర్థం చెప్పుకోవచ్చు. నేలను చేత్తో అడ్డుకోవడం కాకుండా ఒంటితో స్వీకరించడం అన్న ఈ భావన ఫుట్‌బాల్ ఆటగాడికి ఎంతో అవసరం. ఒక జూడో శిక్షకుడి దగ్గర నేర్చుకుని, మా జట్టుకు తగినట్టు మార్చుకున్న సాధనను వ్యాయామ ఉపాధ్యాయులు, శిక్షకులు వాడుకోగలిగేలా ఇక్కడ వివరిస్తున్నాను.

చేయి ఎందుకు ముందుకు వెళ్తుంది

తూలిన మనిషి చేయి చాచడం ఆలోచించి చేసే పని కాదు. ముఖాన్ని, తలను కాపాడుకోవడానికి శరీరం తనంతట తాను చేసే పని. నెమ్మదిగా నడుస్తూ తూలినప్పుడు అది ఉపయోగపడుతుంది. పూర్తి వేగంతో పరుగెత్తే ఆటగాడు పడినప్పుడు మాత్రం శరీర బరువు, వేగం రెండూ కలిసి అరచేయంత చోటు మీద దిగుతాయి. మోచేయి బిగిసి ఉంటే ఆ దెబ్బ మణికట్టు నుంచి మోచేతికి, అక్కడి నుంచి భుజానికి, చివరకు కాలర్ బోన్‌కు పాకుతుంది. ఆ దారిలో ఏది బలహీనంగా ఉంటే అది విరుగుతుంది, లేదా కీలు తప్పుతుంది.

ఉకెమి ఈ దెబ్బను రెండు విధాలుగా తగ్గిస్తుంది. మొదటిది, అరచేయంత చోటు మీద పడే బరువును ముంజేయి, వీపు, తొడ, పిక్క వంటి కండ ఉన్న పెద్ద భాగాలకు పంచుతుంది. రెండవది, ఒక్కసారిగా ఆగిపోవలసిన శరీరాన్ని దొర్లించి, ఆగడానికి పట్టే సమయాన్ని పెంచుతుంది. క్రికెట్‌లో వేగంగా వచ్చే క్యాచ్‌ను పట్టేటప్పుడు చేతులను వెనక్కి లాగుతాం కదా, ఇక్కడ శరీరమంతా ఆ పని చేస్తుంది. అయితే, ఆలోచించకుండానే వచ్చే ప్రతిచర్యను ఉపన్యాసంతో మార్చలేము. ‘చేయి పెట్టవద్దు’ అని గీత బయట నుంచి కేక వేయడం వల్ల ప్రయోజనం లేదు. తక్కువ ఎత్తు నుంచి, భయం లేని చోట, కొన్ని వందల సార్లు చేయిస్తేనే కొత్త అలవాటు పాత దాని స్థానంలో కూర్చుంటుంది.

ఎక్కడ చేయించాలి

జూడో చాపలు ఉంటే అంతకంటే మంచిది లేదు. నాలుగు సెంటీమీటర్ల మందం ఉన్న చాప ఈ సాధనకు సరిపోతుంది. మన పాఠశాలల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు, ఉన్నది మొరం నేల మాత్రమే. దాని మీద ఎట్టి పరిస్థితిలోనూ మొదలుపెట్టకూడదు. లాంగ్ జంప్ కోసం తవ్విన ఇసుక గుంట నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది. వాన పడి గట్టిపడిన ఇసుకను ముందురోజే పారతో జానెడు లోతు తిరగవేయాలి. కుస్తీ పట్టేవారు గోదా మట్టిని తవ్వి మెత్తబరిచేది కూడా ఇందుకే. గాజు పెంకులు, రాళ్లు, మేకులు లేవని చేత్తో కలిపి చూసుకోవాలి. ఇసుక లేనిచోట వరిగడ్డిని మందంగా పరిచి, పైన టార్పాలిన్ బిగించి కట్టినా పని జరుగుతుంది. అద్దెకు ఇచ్చే కృత్రిమ గడ్డి మైదానాలు చూడటానికి మెత్తగా ఉన్నా, కింద కాంక్రీటు ఉన్నచోట అవి గట్టి నేలతో సమానమే. పైగా పిల్లల మోచేతులు గీసుకుపోతాయి కాబట్టి అక్కడ చివరి దశ సాధన మాత్రమే, అదీ పొడుగు చేతుల చొక్కాతో చేయించాలి.

ఉంగరాలు, కడియాలు, గొలుసులు, వాచీలు తీయించాలి. మొదటి వారాల్లో బూట్లు కూడా వద్దు, వట్టి కాళ్లతో చేయాలి. మెడ, వెన్ను, భుజం గాయాలు ఉన్నవారిని, ఇటీవల తలకు దెబ్బ తగిలినవారిని వైద్యుడు అనుమతించే వరకు ఇందులో చేర్చకూడదు.

వెల్లకిలా పడటం: ముందు తల సంగతి

మొదటి పాఠం పడుకునే చేయాలి. ఆటగాడు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలను నేలకు ఆనించి, చేతులను ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుంటాడు. గదమను ఛాతీకి దగ్గరగా తెచ్చి, తన నిక్కరు నాడా ముడిని చూస్తూ ఉండాలి. గదమకు, ఛాతీకి మధ్య మడత పెట్టిన చేతిరుమాలు ఉంచితే అతనికే తెలుస్తుంది. రుమాలు జారిపడిందంటే తల వెనక్కి వాలిందన్నమాట. ఇప్పుడు ఊపిరి వదులుతూ రెండు చేతులనూ ఒకేసారి నేల మీద చరచాలి. అరచేతులు నేల వైపు ఉండాలి, చేతులు ఒంటికి ముప్ఫై నుంచి నలభై అయిదు డిగ్రీల దూరంలో ఉండాలి, అరచేయి నుంచి మోచేయి దాకా అంతా ఒక్కసారే తగలాలి. భుజాల ఎత్తుకు చాచిన చేయి భుజం కీలుకు హాని చేస్తుంది. ఒంటికి మరీ దగ్గరగా ఉన్న చేయి మీద మనమే పడతాము.

పది సార్లు చేసేసరికి చిన్న పిల్లల మెడ అలసిపోతుంది. రుమాలు జారడం మొదలైన వెంటనే ఆపించాలి, ఇంకో పది చేయించాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు. జపాన్ పాఠశాలల్లో జూడో మొదలుపెట్టిన పిల్లలకు తలలో తీవ్రమైన గాయాలు అయిన సంఘటనలు ఉన్నాయి. వెల్లకిలా పడినప్పుడు తల వెనుక భాగం నేలకు కొట్టుకోవడం వాటికి ఒక ముఖ్య కారణం. అందుకే ఈ రుమాలు పరీక్షను నేను ఎవరికీ మినహాయించను, గోల్‌కీపర్‌గా అయిదేళ్లు ఆడినవారికి కూడా. ఒకరినొకరు ఎత్తి పడవేసే జూడో పట్లను ఫుట్‌బాల్ ఆటగాళ్లకు నేర్పవలసిన అవసరం అసలే లేదు.

తరువాత గొంతుక్కూర్చొని మొదలుపెట్టాలి. పిర్రలను మడమలకు వీలైనంత దగ్గరగా దించి, వీపును గుండ్రంగా ఉంచి వెనక్కి దొర్లాలి. పుచ్చకాయ ముక్కను తొక్క వైపు నేల మీద పెట్టి ఊపితే ఎలా ఊగుతుందో వీపు అలా ఊగాలి. రెక్కల ఎముకలు నేలను తాకే సమయానికి చేతులు చరచాలి. కాళ్లు పైకి లేచినా నడుము తల మీదకు రాకూడదు. ఈ దశలో చాలామంది చేసే తప్పు, చేతులను వెనుక నేలకు ఆనించి కూర్చోబోవడం. మణికట్లు విరిగేది అక్కడే. దాన్ని మాన్పించడానికి ఆటగాడి రెండు చేతుల్లోనూ బంతిని ఇచ్చి, దాన్ని ఛాతీకి హత్తుకునే పడమనండి. చేయి ఖాళీగా లేకపోతే వెనక్కి వెళ్లదు. గొంతుక్కూర్చొని తప్పు లేకుండా చేయగలిగిన తరువాతే సగం వంగి, ఆ తరువాతే నిలబడి పడాలి.

పక్కకు పడటం

మైదానంలో అత్యధికంగా అక్కరకు వచ్చేది ఇదే. ఎడమ పాదం మీద గొంతుక్కూర్చొని, కుడి కాలిని ఎడమ వైపుకు జార్చితే శరీరం కుడి పక్కకు వాలుతుంది. నేలను తాకవలసిన వరుస ఇది: పిక్క బయటి వైపు, తొడ, పిర్ర, ఆ తరువాత పక్కటెముకల వెనుక వైపు, చివరగా కుడి చేయి. తల ఎడమ వైపు లాగబడి ఉండాలి, చూపు బొడ్డు మీద ఉండాలి. రెండు మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకోకుండా కాళ్ల మధ్య జానెడు ఎడం ఉంచాలి. మోచేయి ముందుగా తగిలితే ఆ దెబ్బ భుజం మొదట్లోకి పోతుందని గుర్తుపెట్టుకోవాలి. నేల మీద జారుతూ బంతిని లాక్కునే స్లైడ్ టాకిల్ నేర్పే ముందు ఈ పాఠం పూర్తి కావాలన్నది నా నియమం.

చరిచే విషయంలో ఒక్క మాట. చాప మీద గట్టిగా చరచడం వల్ల చేతికి సమయం, కోణం అలవాటు అవుతాయి, ఊపిరి దానంతట అదే బయటకు వస్తుంది. ఎండిన మైదానం మీద అంత గట్టిగా చరిస్తే అరచేయి కమిలిపోతుంది. అక్కడ చేయి నేలను చీపురులా తుడుచుకుంటూ వెళితే చాలు, మిగతా పని దొర్లడం చేస్తుంది.

భుజం మీదుగా దొర్లడం

వేగంలో ఉన్న ఆటగాడు ముందుకు పడినప్పుడు ఆ వేగాన్ని ఆపడం కంటే దారి మళ్లించడం సులభం. జూడోలోనూ, ఐకిడో అనే మరో జపనీస్ యుద్ధవిద్యలోనూ ఉన్న ఈ దొర్లుడును పిల్లలు మొదట పిల్లిమొగ్గ అనుకుంటారు. పిల్లిమొగ్గలో శరీరం తల, మెడ, వెన్నెముక మీదుగా నిలువుగా తిరుగుతుంది. వేగంగా పడేటప్పుడు అది ప్రమాదకరం. ఉకెమిలో శరీరం ఐమూలగా తిరుగుతుంది, తల నేలను తాకనే తాకదు.

కుడి వైపు సాధనకు కుడి మోకాలిని పైకి ఉంచి, ఎడమ మోకాలిని నేలకు ఆనించి కూర్చోవాలి. పెద్ద బిందెను కౌగిలించుకున్నట్టు కుడి చేతిని గుండ్రంగా వంచి, వేళ్లు తన వైపుకే తిరిగి ఉండేలా, చిటికెన వేలి అంచును నేలకు తాకించాలి. ఎడమ చేయి పక్కన సాయంగా ఉంటుంది. తలను ఎడమకు తిప్పి, గదమను ఎడమ భుజానికి దగ్గర చేయాలి. అక్కడి నుంచి వెనుక కాలితో నెమ్మదిగా నెట్టుకుంటే చేతి అంచు, ముంజేయి, జబ్బ, కుడి భుజం వెనుక భాగం, వీపు మీదుగా ఐమూలగా ఎడమ పిర్ర, ఎడమ తొడ వరుసగా నేలను తాకుతాయి. చివర ఎడమ కాలు మడిచి, కుడి పాదం ఆనించి, అదే ఊపులో లేచి నిలబడాలి.

ఈ వరుస సరిగా ఉందో లేదో చూసుకోవడానికి వీడియోలు అక్కరలేదు. లేత రంగు చొక్కా వేయించి, ఇసుక మీద కాస్త ఎర్రమట్టి చల్లి దొర్లించండి. లేచిన తరువాత వీపు వైపు చూడండి. మట్టి మరక కుడి భుజం నుంచి ఎడమ తుంటి వరకు, భుజాన వేసుకున్న సంచి పట్టీలా ఐమూలగా ఉంటే దొర్లుడు సరిగా ఉన్నట్టు. వెన్నెముక వెంబడి నిట్టనిలువుగా ఉంటే పిల్లిమొగ్గ వేసినట్టు. భుజం కొన మీద ఒకేచోట గుండ్రంగా అంటుకుని ఉంటే చేయి మధ్యలో కుప్పకూలి, బరువంతా అక్కడే దిగినట్టు. కాలర్ బోన్‌కు ముప్పు తెచ్చే తప్పు ఇదే. జుట్టులో మట్టి ఉంటే ఆ రోజుకు ఆ అబ్బాయిని మళ్లీ మోకాళ్ల మీదకు, నెమ్మదైన వేగానికి తీసుకురావాలి. నా దగ్గర పిల్లలు ఒకరి వీపు మరొకరు చూసి తప్పు చెప్పుకోవడం అలవాటు చేసుకున్నారు. అది నా మాట కంటే బాగా పనిచేసింది.

దాదాపు అందరూ తమకు వాటమైన వైపే దొర్లుతారు. మైదానంలో ఏ వైపు పడాలో ఎంచుకునే అవకాశం ఉండదు కాబట్టి, చేతకాని వైపు రెట్టింపు సార్లు చేయించాలి. మోకాళ్ల మీద చేసేదాన్ని ఆ తరువాత నిలబడి, నడుస్తూ, మెల్లగా పరుగెత్తుతూ చేయాలి. ఒక్కొక్క మెట్టుకు కనీసం ఒక వారం ఇవ్వాలి.

దొర్లడానికి వీలు లేకుండా బోర్లా పడే సందర్భాలు కూడా ఉంటాయి. అప్పుడు రెండు ముంజేతులను ముఖం ముందు గుడి గోపురం ఆకారంలో పెట్టి, అరచేతుల నుంచి మోచేతుల దాకా ఒకేసారి ఆనించి, ముఖాన్ని పక్కకు తిప్పుకోవాలి. దీన్ని మోకాళ్ల మీద నుంచి మాత్రమే సాధన చేయించండి. నిలబడి చేయించడం వల్ల వచ్చే లాభం కంటే దెబ్బలే ఎక్కువ.

చాప మీది విద్యను ఆటలోకి తేవడం

చాప మీద అందంగా దొర్లిన పిల్లలు మ్యాచ్‌లో మళ్లీ చేయి చాచి పడతారు. ఇది నన్ను చాలా రోజులు బాధించింది. కారణం వెతికితే స్పష్టంగానే ఉంది. చాప మీద ఎప్పుడు పడాలో ముందే తెలుసు, కళ్లు నేల మీదే ఉంటాయి, ఒంటి మీద ఎవరూ ఉండరు. మ్యాచ్‌లో చూపు బంతి మీద ఉంటుంది, తోపు ఎటు నుంచి వస్తుందో తెలియదు. కాబట్టి ఈ తేడాలను సాధనలోకి ఒక్కొక్కటిగా తీసుకురావాలి.

మొదట బంతిని నడిపిస్తూ వచ్చి, ఈల వినగానే బంతిని వదిలి దొర్లి లేచి, మళ్లీ బంతిని అందుకోవాలి. తరువాత ఈలను ఎప్పుడు వేస్తామో ముందుగా చెప్పకూడదు. ఆ తరువాత తోటి ఆటగాడు పక్క నుంచి భుజంతో మెల్లగా తోస్తాడు. ఏ వైపు నుంచి తోస్తాడో చెప్పకూడదు. చివరి మెట్టు హెడర్. చాప మీద తక్కువ ఎత్తుకు ఎగిరి బంతిని తలతో కొడుతున్న ఆటగాడిని తోటివాడు నడుము దగ్గర అరచేత్తో తాకినంత మాత్రంగా నెడతాడు. రెండు పాదాలూ నేలను తాకి మోకాళ్లు వంగితే పడవలసిన పనిలేదు. ఒక పాదమే తాకి శరీరం ఒరిగితే అటువైపే గుండ్రంగా వాలిపోవాలి. వెనక్కి ఒరిగితే గదమ ముందుగా లోపలికి రావాలి. ఈ చివరి మెట్టు పద్నాలుగేళ్లు దాటి, ముందున్నవన్నీ తప్పు లేకుండా చేయగలిగినవారికే.

ఇదంతా వార్మప్‌లో భాగంగా వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ ఎనిమిది నుంచి పది నిమిషాలు చేయిస్తే సరిపోతుంది. అలసిపోయిన తరువాత, సాధన చివర చేయించడం మంచిది కాదు. ఫిఫా సంస్థ ఏడు నుంచి పదమూడేళ్ల పిల్లల కోసం రూపొందించిన ‘11+ కిడ్స్’ వార్మప్‌లోని ఏడు వ్యాయామాలలో ఒకటి ఇలా భుజం మీదుగా దొర్లడమే. స్విట్జర్లాండ్, జర్మనీ, నెదర్లాండ్స్, చెక్ రిపబ్లిక్ దేశాల పిల్లలపై జరిగిన పరిశీలన 2018లో ప్రచురితమైంది. ఆ వార్మప్ చేసిన జట్లలో గాయాలు 48 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఆ ఫలితం ఏడు వ్యాయామాలూ కలిసి ఇచ్చినది, దొర్లడం ఒక్కదానిదే కాదు. అయినా, పడే పద్ధతికి ఫిఫా వార్మప్‌లో చోటు దొరికిందని తెలిస్తే, సందేహించే తల్లిదండ్రులకు, ప్రధానోపాధ్యాయులకు నచ్చజెప్పడం సులభమవుతుంది.

గోల్‌కీపర్లకు పక్కకు పడే పాఠమే పునాది. వారికి అదనంగా నేర్పవలసింది బంతి సంగతి. డైవ్ చేసినప్పుడు మోచేయి పక్కటెముకల కింద ఇరుక్కోకుండా చేతులను ముందుకు చాచి, పట్టిన బంతిని ముందుగా నేలకు తాకించి, ఆ తరువాత ముంజేయి, భుజం, తుంటి పక్కలను వరుసగా దించాలి. మోకాళ్ల మీద నుంచి, తరువాత గొంతుక్కూర్చొని, ఆ తరువాత నిలబడి అన్న క్రమమే వారికీ వర్తిస్తుంది.

ఉకెమి కాపాడలేనివి

ఫుట్‌బాల్‌లో తరచుగా కనిపించేవి చీలమండ బెణుకులు, తొడ వెనుక కండరాల గాయాలు, మోకాలి గాయాలు. వీటిలో చాలావాటికి పడటం కారణం కాదు. మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ ఎక్కువగా దిశ మార్చేటప్పుడో, దూకి దిగేటప్పుడో తెగుతుంది. వాటికి బలం, నిలకడ పెంచే వ్యాయామాలు వేరుగా చేయించాలి. తలలు ఢీకొన్నప్పుడు, గోల్ స్తంభం తగిలినప్పుడు కూడా ఉకెమి చేయగలిగింది తక్కువ. తగలకపోయినా పడిపోయి రిఫరీని మోసగించడం పసుపు కార్డుకు తగిన తప్పని, తాము నేర్చుకుంటున్నది దాని కోసం కాదని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

పడిన తరువాత బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కనుండే గుంటలో నొక్కితే నొప్పి ఉన్నదంటే దాన్ని బెణుకని వదిలేయకూడదు. అక్కడ ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్-రేలో కొన్నిసార్లు కనిపించదు. పట్టించుకోకపోతే సరిగా అతకదు. నాటు కట్టు కట్టించే ముందే ఎముకల వైద్యుడికి చూపించి, నొప్పి తగ్గకపోతే పది పద్నాలుగు రోజుల తరువాత మళ్లీ చూపించాలి. తలకు దెబ్బ తగిలి తికమకగా మాట్లాడినా, కళ్లు బైర్లు కమ్మినా, జరిగింది గుర్తు లేకపోయినా ఆ ఆటగాడు ఆ రోజు మళ్లీ మైదానంలోకి వెళ్లకూడదు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, ఫిట్స్, చేతులు కాళ్లలో తిమ్మిరి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పి అన్నవారిని లేపి కూర్చోబెట్టకుండా, కదిలించకుండా అంబులెన్స్ వచ్చే వరకు వేచి ఉండాలి.

మ్యాచ్ రోజున బెంచీ మీద కూర్చున్న అదనపు ఆటగాళ్లలో ఒకరికి నోటు పుస్తకం ఇవ్వండి. మన జట్టులో ఎవరు పడ్డా అతను మూడు సంగతులు రాయాలి: ఏ వైపు పడ్డారు, నేలను ముందుగా తాకింది ఏది, దొర్లి లేచారా లేక అక్కడే ఆగిపోయారా. మా పుస్తకంలో మొదటి నెలంతా ‘అరచేయి’ అన్న మాటే కనిపించేది. నాలుగో నెలకు ‘ముంజేయి’, ‘భుజం వెనుక’, ‘పిర్ర’ అన్నవి కనిపించసాగాయి. ఎడమ వైపు పడినప్పుడు మాత్రం ‘అరచేయి’ ఇంకా మిగిలే ఉంది. అందుకే ఇప్పుడు మా సోమవారం సాధన ఎడమ వైపుతోనే మొదలవుతోంది.